కాలువ గట్టు రోడ్డుకు ఏ ఇంజిన్?

షోరూంలో చేతికిచ్చే కాగితం మీద పెద్ద అక్షరాల్లో రెండు అంకెలుంటాయి: 90 పీఎస్ (ఇంజిన్ బలం), 113 న్యూటన్ మీటర్లు (టార్క్, అంటే తిప్పే శక్తి). వాటి పక్కనే చిన్న అక్షరాల్లో ఇంకో రెండు: 6000 ఆర్‌పీఎం, 4400 ఆర్‌పీఎం, అంటే ఆ బలమూ ఆ టార్కూ ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగినప్పుడు వస్తాయో. గోదావరి డెల్టాలో కారు నడిపేవాళ్లు చూడాల్సింది ఈ చిన్న అక్షరాలనే. రావులపాలెం నుంచి అమలాపురం, పాలకొల్లు నుంచి నరసాపురం, రామచంద్రపురం నుంచి ద్రాక్షారామం వెళ్లే దారుల్లో ఏ ఇంజినూ ఆరు వేల ఆర్‌పీఎం మొహం చూడదు. ఒక పక్క కాలువ, రెండో పక్క చేను లేదా చేపల చెరువు, ఎదురుగా ధాన్యం ట్రాక్టరు, వెనక హారన్ కొడుతూ ఆర్టీసీ బస్సు. ఇరవై నుంచి యాభై కిలోమీటర్ల వేగంలో, 1200 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్యనే ఇంజిన్‌కు రోజు గడిచిపోతుంది. ఏ ఇంజిన్ మంచిదని కాకుండా, ఆ మధ్యలో ఏది ఎంత లాగుతుందని అడగాలి.

లెక్క తేలికే. టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 7024తో భాగిస్తే ఆ వేగంలో ఇంజిన్ ఇచ్చే పీఎస్ వస్తుంది. బాలెనోలో ఉండే 1197 సీసీ నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్ 2000 ఆర్‌పీఎం దగ్గర వంద న్యూటన్ మీటర్లు ఇస్తుందనుకుంటే, అది 28 పీఎస్. అంటే తొంభై అని చదివి కొన్న బండిలో మూడో వంతు కన్నా తక్కువే మనకు అందుతోంది. ఐ20 ఎన్ లైన్‌లోని 998 సీసీ టర్బో (గాలిని ఒత్తిడితో లోపలికి ఎక్కించే ఇంజిన్) 1500 నుంచి 4000 ఆర్‌పీఎం దాకా 172 న్యూటన్ మీటర్లు ఇస్తుంది కాబట్టి అదే 2000 దగ్గర 49 పీఎస్. ఆల్ట్రోజ్ 1.5 లీటర్ల డీజిల్‌కు 200 న్యూటన్ మీటర్లు, అంటే 57 పీఎస్. కాగితం మీద ఆ డీజిల్ కూడా 90 పీఎస్సే, బాలెనో కూడా 90 పీఎస్సే. గట్టు మీదకొచ్చేసరికి ఒకటి రెండోదానికి రెట్టింపు. బరువులో డీజిల్ బండి వంద కిలోలకు పైనే ఎక్కువ కాబట్టి తేడా అంతా చేతికి రాదు గానీ, వచ్చేది తక్కువేం కాదు.

ఇప్పుడు ఆ 28 పీఎస్‌లోంచి ఏసీ కంప్రెసర్ వాటా తీసేయాలి. రోహిణి కార్తె ఎండలో అది మూడు నాలుగు పీఎస్ తినేస్తుంది. నలభై డిగ్రీల గాలి పాతిక డిగ్రీల గాలి కన్నా అయిదు శాతం పల్చన కాబట్టి ఇంజిన్‌కు దొరికే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. బండి బరువు సుమారు 940 కిలోలైతే, ఐదుగురు మనుషులు, ఒక బియ్యం బస్తా, రెండు సూట్‌కేసులు కలిపి ఇంకో 400 కిలోలు. ఒక్కరే ఎక్కి టెస్ట్ డ్రైవ్ చేసినప్పుడు హుషారుగా అనిపించిన బండి ఇంటిల్లిపాదీ ఎక్కాక ఎందుకు మూలుగుతుందో ఇక్కడే తెలిసిపోతుంది. మనకు కలిసొచ్చేదల్లా ఒక్కటే, నేల చదును. సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్నాం కాబట్టి ఎత్తు వల్ల పోయే బలం ఏమీ లేదు. డెల్టాలో ఘాట్ రోడ్లంటే వంతెనల అప్రోచ్‌లే: సిద్ధాంతం, చించినాడ, యానాం–ఎదుర్లంక. మారేడుమిల్లికో తిరుమలకో ఏడాదికి ఒకట్రెండుసార్లు వెళ్లడం కోసం పెద్ద ఇంజిన్ కొనక్కర్లేదు.

కంపెనీలన్నీ 1197, 1199, 1497 సీసీల దగ్గరే ఆగిపోవడం ఇంజినీర్ల ఇష్టం వల్ల కాదు, పన్ను గీత వల్ల. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటకపోతేనే చిన్న కారు కింద లెక్క. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ చిన్న కార్లకు జీఎస్టీ 18 శాతం, గీత దాటితే 40 శాతం. అందుకే ఎవరూ 1300 సీసీ పెట్రోల్ పెట్టి ఈ తక్కువ ఆర్‌పీఎం లోటు తీర్చరు. టర్బో బిగిస్తారు, లేదా గేర్లు సర్దుతారు.

మామూలు 1.2 పెట్రోల్‌నే ముందు చూద్దాం, ఎందుకంటే ఎక్కువ ఇళ్లకు సరిపోయేది అదే. దాని గుణం ఊహకు అందుతుంది. టర్బో లేదు, ఫిల్టర్ల బాధ లేదు, రోజూ నాలుగు కిలోమీటర్లు స్కూలుకీ బజారుకీ తిరిగినా అలగదు. అడిగేదల్లా గేరు మార్చమని. కొబ్బరికాయల లారీ నలభై మీద పోతోంది, మీరు నాలుగో గేరులో దాని వెనకున్నారు. అక్కడే యాక్సిలరేటర్ తొక్కితే బండి గొణుగుతుందే తప్ప కదలదు, ఎదుటి బస్సు మాత్రం దగ్గరైపోతుంది. మూడోకి దించి ఇంజిన్‌ను మూడు వేలు దాటనిస్తే అదే ఇంజిన్ యాభై పీఎస్‌కు చేరువవుతుంది. ఇరవై అయిదు దాకా రెండో గేరు, నలభై దాకా మూడు, యాభై అయిదు దాకా నాలుగు, ఆ పైన అయిదు. మైలేజీ కోసమని ముప్ఫై మీదే నాలుగో గేరు వేసి బండిని ఈడ్పించేవాళ్లు పెట్రోలు మిగుల్చుకోరు. ఇంజిన్ మౌంట్లు, క్లచ్ ముందే అరిగిపోతాయి, నాక్ కొట్టకుండా, అంటే పెట్రోలు అదుపు తప్పి అంటుకోకుండా, కంప్యూటర్ స్పార్క్‌ను వెనక్కి జరపడంతో ఉన్న పికప్ కూడా పోతుంది.

2024లో వచ్చిన స్విఫ్ట్‌లో ఈ 1.2 మూడు సిలిండర్లకు మారింది. 82 పీఎస్, 112 న్యూటన్ మీటర్లు. సిలిండర్ తగ్గితే లోపలి రాపిడి తగ్గుతుంది, కంపెనీ చెప్పే మైలేజీ మాన్యువల్‌లో లీటరుకు 24.8 కిలోమీటర్లు. బదులుగా ఏసీ వేసి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్‌లో సన్నటి వణుకు. పెద్దవాళ్లు ఎక్కువగా కూర్చునే బండి అయితే నాలుగు సిలిండర్ల నెమ్మదే మేలు. ఒక జాగ్రత్త: ఈ కొత్త ఇంజిన్ల మాన్యువల్‌లో 0డబ్ల్యూ-16 లాంటి బాగా పల్చటి ఆయిల్ రాసి ఉంటుంది. ఊళ్లో షెడ్డులో ‘మన ఎండలకి చిక్కటిదే మంచిదండీ’ అంటూ 20డబ్ల్యూ-40 పోస్తే వాల్వ్ టైమింగ్ మార్చే సన్నటి దారుల్లో ఆయిల్ సమయానికి అందదు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే వినిపించే టకటక దానిదే.

ఇక సీఎన్‌జీ. కోనసీమ నేల కింద నుంచి గ్యాస్ తీసి దశాబ్దాలైనా, అది మన కార్లలోకి రావడం ఈ మధ్యే. ఇక్కడ అందరూ మైలేజీ గురించే మాట్లాడతారు గానీ, ముందు చూడాల్సింది బలం. బాలెనో పెట్రోల్ మీద 90 పీఎస్, గ్యాస్ మీద 77.5 పీఎస్, 98.5 న్యూటన్ మీటర్లు. గ్యాస్ ఇంజిన్ సిలిండర్లలోకి వెళ్లేటప్పుడు గాలి చోటు ఆక్రమిస్తుంది కాబట్టి అంత మేర ఆక్సిజన్ తగ్గుతుంది, బలమూ తగ్గుతుంది. 2000 ఆర్‌పీఎం దగ్గర చేతికొచ్చేది సుమారు 24 పీఎస్, ఏసీ పోగా ఇరవై. చదును నేల మీద ఇది చాలు. నిండుగా మనుషులతో చించినాడ వంతెన ఎక్కేటప్పుడు మాత్రం ముందే ఒక గేరు దించుకోవాలి, మధ్యలో దించితే ఊపు పోతుంది.

డబ్బు లెక్క ఇలా వేయండి. సీఎన్‌జీ మోడల్‌కు అదనంగా 90 వేలు పెడుతున్నారనుకోండి. పెట్రోల్ లీటరు 110, బండి నిజంగా ఇచ్చేది 16 కిలోమీటర్లు అయితే కిలోమీటరుకు 6 రూపాయల 90 పైసలు. గ్యాస్ కిలో 95, నడిచేది 24 కిలోమీటర్లు అయితే దాదాపు 4 రూపాయలు. మిగిలేది కిలోమీటరుకు 2 రూపాయల 90 పైసలు, పెట్టిన డబ్బు తిరిగి రావడానికి 31 వేల కిలోమీటర్లు. రోజుకు నలభై కిలోమీటర్లు తిరిగేవాళ్లకు రెండేళ్ల మీద ఒకట్రెండు నెలలు. రోజుకు పది కిలోమీటర్లు తిరిగే ఇంటికి ఎనిమిదేళ్లు దాటుతుంది. ఆ రోజున్న ధరలతో మీ అంకెలు వేసుకుంటే తేలిపోతుంది. కాకినాడ, కోనసీమ వాళ్లకు యానాం బంకు ఎలాగూ ఉంది. పన్ను తక్కువ కాబట్టి అక్కడ పెట్రోల్ చవక. దారిలో ఉంటే ట్యాంకు నింపుకోవచ్చు గానీ, పనిగట్టుకుని పాతిక కిలోమీటర్లు వెళ్తే రానుపోను మూడు లీటర్లు కాలిపోయి, మిగిలినదాన్లో చాలావరకు మింగేస్తాయి.

గ్యాస్ బండితో వచ్చే చిక్కులు వేరే. సిలిండర్ నీటి కొలతలో 55 లీటర్లది అయితే 200 బార్ ఒత్తిడి మీద సుమారు ఎనిమిది కిలోలు పట్టాలి. కానీ మన వైపు కొన్ని బంకులు పైప్‌లైన్ మీద లేవు, లారీల్లో వచ్చే సిలిండర్ల వరసల నుంచి నింపుతాయి. ఆ వరస ఖాళీ అయ్యే కొద్దీ ఒత్తిడి పడిపోతుంది, మీకు ఆరు కిలోలే ఎక్కుతుంది. మీటరులో ఎక్కినంతకే డబ్బు తీసుకుంటారు కాబట్టి అది మోసం కాదు, మళ్లీ తొందరగా రావాలి అంతే. మధ్యాహ్నం ఎండలో నిలబడిన బండికి, నింపేటప్పుడు సిలిండర్ మరీ వేడెక్కి, ఇంకాస్త తక్కువ పడుతుంది. పొద్దున్నే, అదీ లారీ వచ్చిన తర్వాత వెళ్లడం మేలు. వారానికి ఒకసారి ఎనిమిది పది కిలోమీటర్లు పెట్రోల్ మీద నడపాలి, ట్యాంకులో నాలుగో వంతు తగ్గకుండా ఉంచాలి. ట్యాంకును అడుగంటనిచ్చి గ్యాస్ మీదే తిప్పితే పెట్రోల్ పంపు ఎండి కాలిపోతుంది, గ్యాస్ అయిపోయిన రోజున బండి కదలదు. మూడేళ్లకోసారి సిలిండర్‌కు నీటి ఒత్తిడి పరీక్ష తప్పనిసరి. సముద్రం దగ్గరి ఊళ్లలో సిలిండర్‌ను పట్టి ఉంచే పట్టీలు, బోల్టులు తుప్పు పట్టాయేమో సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడల్లా చూపించుకోండి. డిక్కీ సంగతి చెప్పక్కర్లేదు. ఒకే పెద్ద సిలిండర్ ఉంటే బియ్యం బస్తా కూడా సర్దుకుని పెట్టాలి. ఆల్ట్రోజ్‌లో రెండు చిన్న సిలిండర్లను అడుగున పరిచి 210 లీటర్ల చోటు మిగిల్చారు. పండక్కి ఊరెళ్లే కుటుంబానికి ఈ ఒక్క తేడాతోనే బండి ఎంపిక మారిపోవచ్చు. బయట కిట్ వేయించే ఆలోచన మాత్రం వద్దు. కంపెనీ గ్యాస్ బండిలో వాల్వ్ సీట్లు పొడి మంటను తట్టుకునేలా గట్టివి వేస్తారు, వెనక స్ప్రింగులు మారుస్తారు. మామూలు బండికి కిట్ తగిలిస్తే ఆ రెండూ పాతవే ఉంటాయి.

డీజిల్ అంటే గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ మోజే. లెక్కలో అదే గెలిచిందని పైన చూశాం కూడా. అయినా తొందరపడొద్దు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నియమాలు వచ్చినప్పుడు మారుతి డీజిల్‌ను వదిలేసింది. హ్యాచ్‌బ్యాక్‌లలో కొత్తగా దొరికేది ఆల్ట్రోజ్ ఒక్కటే. బీఎస్-6 డీజిల్ సైలెన్సర్ దారిలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది నిండాక మసిని కాల్చేయాలి, దానికి ఆరు వందల డిగ్రీల వేడి కావాలి, అంటే రెండు వేల ఆర్‌పీఎం పైన, అరవై దాటిన వేగంతో ఏకధాటిగా పదిహేను ఇరవై నిమిషాల పరుగు. గట్టు రోడ్డు మీద అది కుదరదు. సగంలో ఇల్లు వచ్చేస్తుంది, బండి ఆపేస్తారు, కాల్చడం కోసం అదనంగా పోసిన డీజిల్ కాలకుండా సిలిండర్ గోడల మీదుగా ఇంజిన్ ఆయిల్లోకి దిగుతుంది. ఇలా నాలుగైదుసార్లు జరిగితే ఫిల్టర్ దీపం వెలుగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గకపోగా పెరిగిందంటే అదే గుర్తు, ఆ ఆయిల్ వెంటనే మార్చాలి. బండి ఆపినా ఫ్యాన్ గట్టిగా తిరుగుతూ, ఐడ్లింగ్ మామూలు కన్నా ఎక్కువగా, కమురు వాసన వస్తుంటే లోపల మసి కాలుతోందని అర్థం. అప్పుడు ఆపకండి, ఇంకో పది నిమిషాలు తిప్పండి. వారానికోసారి రావులపాలెం నుంచి రాజమండ్రి దాకా 16వ నంబరు జాతీయ రహదారి మీద మూడో నాలుగో గేరులో ఒక పరుగు తీస్తే ఈ బాధ ఉండదు. చేపల వ్యాపారం మీద రోజూ భీమవరం నుంచి విజయవాడ తిరిగేవాళ్లకు ఈ ఫిల్టర్ ఉందన్న సంగతే తెలియదు. ఊళ్లోనే తిరిగే బండికి మాత్రం డీజిల్ వద్దు. సెకండ్ హ్యాండ్‌లో పాత 1.3 డీజిల్ స్విఫ్ట్‌ల గిరాకీకి ఒక కారణం ఇదే, బీఎస్-4 వాటికి ఈ ఫిల్టర్ లేదు. కానీ వాటి 190 న్యూటన్ మీటర్లు 2000 ఆర్‌పీఎం దగ్గర గానీ లేవవు, దాని కింద మామూలు పెట్రోల్ బండే నయం.

టర్బో పెట్రోల్‌కు కూడా ఈ మెలిక ఉంది. 1500 పైన 172 న్యూటన్ మీటర్లు నిజమే, కింద అది ఒక లీటరు మూడు సిలిండర్ల చిన్న ఇంజినే. స్పీడ్ బ్రేకర్ దాటి రెండో గేరులో పదిహేను మీద తొక్కితే ఒక క్షణం ఏమీ జరగదు, తర్వాత ఒక్కసారిగా ఎగురుతుంది. ఇరుకు గట్టు మీద ఆ ఎగరడం సరదా కాదు. మొదటి గేరుకు దించడమో, కాలు మెల్లగా ముందే పెట్టడమో అలవాటు చేసుకోవాలి. హైవే మీద మాత్రం దానికి సాటి లేదు, ఎనభై నుంచి నూటపదికి గేరు మార్చకుండానే లాగుతుంది. ఆయిల్ మార్పు గడువు దాటనివ్వకూడదు. హైవే పరుగు తర్వాత వెంటనే తాళం తీయకుండా అర నిమిషం, నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచాలి, లేకపోతే టర్బో ఇరుసు దగ్గర ఆయిల్ మాడిపోతుంది. మైలేజీ పూర్తిగా మీ కాలిని బట్టే.

ఆటోమేటిక్‌లలో గట్టు రోడ్డుకు హాయైనది సీవీటీ. ఐ20 1.2లో ఉన్నది ఆ రకమే. గేర్లు లేవు కాబట్టి కుదుపు లేదు, గట్టిగా తొక్కితే ఇంజిన్ ముందు అరిచి బండి తర్వాత కదులుతుంది, అంతే. చవకైనది ఏఎంటీ. అది క్లచ్‌ను యంత్రం తొక్కే మాన్యువల్ బండి, గేరు మారేటప్పుడు ఒక ఊపు. ఓవర్‌టేక్ చేసే ముందు మాన్యువల్ మోడ్‌లో ఒక గేరు దించుకుంటే ఇబ్బంది లేదు. పొడి క్లచ్ డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) ఉన్న టర్బోలతో జాగ్రత్తగా ఉండాలి. సంక్రాంతికి భీమవరం చుట్టూ పందేల బరుల దగ్గర గంటల తరబడి అంగుళం అంగుళం కదిలే వరసలో ఆ క్లచ్ సగం పట్టుతో రాసుకుని వేడెక్కుతుంది, హెచ్చరిక దీపం వస్తుంది. ముందు బండి కదలగానే కదలకండి. రెండు కార్ల పొడవు ఖాళీ రానిచ్చి, ఒకేసారి కదిలి, బ్రేకు పూర్తిగా తొక్కి ఆపండి. నరసాపురం–సఖినేటిపల్లి పంటు (బండ్లను గోదావరి దాటించే పడవ) ఎక్కేటప్పుడు కూడా ఇదే సూత్రం. వాలు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టొద్దు, బ్రేకుతో నిలబెట్టండి.

కరెంటు బండి గురించి నాలుగు మాటలు. టియాగో ఈవీ పెద్ద బ్యాటరీ రకానికి 114 న్యూటన్ మీటర్లే గానీ, అవి సున్నా ఆర్‌పీఎం నుంచే వస్తాయి. మన లెక్క ప్రకారం గట్టు రోడ్డుకు ఇంతకన్నా తగిన మోటారు లేదు. 24 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఇంట్లో 15 ఆంపియర్ల ప్లగ్గు మీద రాత్రంతా పడుతుంది. ప్లగ్గుకు ఎర్త్ సరిగా ఉందో లేదో ముందు చూపించుకోవాలి, పాత పెంకుటిళ్లలో చాలాసార్లు ఉండదు. ఇంట్లో రెండో బండి ఉన్నవాళ్లకు బాగుంటుంది.

ఇప్పుడు బంకులో దొరుకుతున్నది ఈ20, అంటే అయిదో వంతు ఇథనాల్. లీటరు పెట్రోల్‌లో 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే ఇథనాల్‌లో 21. కలిపితే స్వచ్ఛమైన పెట్రోల్ కన్నా ఏడు శాతం, ఇదివరకటి ఈ10 కన్నా మూడున్నర శాతం తక్కువ. అంతకు మించి మైలేజీ పడిపోతే తప్పు ఇంధనానిది కాదు, టైర్ల గాలి, ఎయిర్ ఫిల్టర్ చూసుకోండి. డెల్టాలో అసలు బెడద తేమ. ఇథనాల్ గాలిలోని నీటిని పీల్చుకుంటుంది. పిల్లలు హైదరాబాదులోనో విదేశాల్లోనో ఉండి, పండక్కి తప్ప తీయని కారు ఇంటి వసారాలో నెలల తరబడి పావు ట్యాంకుతో పడి ఉంటే, మిగతా ముప్పావులో ఉన్న గాలిలోని తడి పెట్రోల్‌లోకి దిగుతుంది. నిలబెట్టే బండికి ట్యాంకు నింపి ఉంచాలి, పదిహేను రోజులకోసారి ఇంజిన్ వేడెక్కేదాకా తిప్పాలి.

బండిలో హాయి అంతా ఇంజిన్‌ది కాదు. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది, అందుకే మన రోడ్లు గోతుల కన్నా ఎక్కువగా అలలుగా ఉంటాయి. టాప్ మోడల్‌తో వచ్చే 195/55 ఆర్16 టైరు పక్క గోడ ఎత్తు 107 మిల్లీమీటర్లు, మధ్య మోడళ్లలో ఉండే 185/65 ఆర్15ది 120. ఆ పదమూడు మిల్లీమీటర్ల రబ్బరు మీ నడుముకూ రిమ్ముకూ కూడా రక్ష. అందం కోసం పెద్ద అలాయ్‌లు వేయిస్తే తారు చెదిరిన అంచు మీద మొదటి దెబ్బకే పక్క గోడ ఉబ్బుతుంది. ఖాళీగా 170 మిల్లీమీటర్లున్న గ్రౌండ్ క్లియరెన్స్ అయిదుగురు ఎక్కాక చాలా తగ్గుతుంది. స్పీడ్ బ్రేకర్‌ను కొంచెం వాలుగా, ఒక్కో చక్రంతో ఎక్కించండి. ఎదురుగా బస్సు వస్తే మెత్తటి అంచు మీదకు రెండు చక్రాలు దించకండి, వానాకాలంలో ఆ మట్టి బండిని కాలువ వైపు లాగుతుంది. వెనక్కి తీసి వెడల్పున్న చోటు చూసుకోవడమే మంచిది. బాలెనో తిరిగే వృత్తపు వ్యాసార్థం 4.85 మీటర్లు, ఇలాంటప్పుడు ఆ అంకె విలువ తెలుస్తుంది.

వరద నీళ్లలో గాలి పీల్చుకునే గొట్టం ఎక్కడుందో తెలియాలి, చాలా హ్యాచ్‌బ్యాక్‌లలో రేడియేటర్ పైన, బానెట్ అంచు కింద ఉంటుంది. నీళ్లు చక్రం సగం దాటితే దిగొద్దు, ఎదుటి లారీ లేపే అల గొట్టందాకా వస్తుంది. నీళ్లలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకూడదు. నీటిని పిస్టన్ నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, బిల్లు లక్ష దగ్గర మొదలవుతుంది, ఇంజిన్ రక్షణ అదనపు కవరు లేని ఇన్సూరెన్స్ అది ఇవ్వదు. తోయించి బయటికి తీసి ఆయిల్ చూడండి, పాలు కలిపిన టీ రంగులో ఉంటే షెడ్డుకు లాగించడమే.

టెస్ట్ డ్రైవ్‌కు బండి ఇచ్చేవాళ్లు హైవే వైపే తిప్పుతారు, అక్కడ అన్నీ బాగుంటాయి. ఇంటి దగ్గరికి తెప్పించుకోండి. నలుగురిని ఎక్కించి, ఏసీ రెండో నంబర్‌లో పెట్టి, మధ్యాహ్నం పూట గట్టు రోడ్డు మీదకు తీయండి. మూడో గేరులో ముప్ఫై మీద కాలు సగం తొక్కి, యాభై చేరేదాకా మనసులో లెక్కపెట్టండి. తర్వాత పూర్తిగా ఆపి, వంతెన అప్రోచ్ మధ్యలో నుంచి మొదటి గేరులో కదలండి. చూస్తున్న రెండు మూడు బండ్లకూ అదే రోడ్డు, అదే మనుషులు ఉండేలా చూసుకోండి. వెనక సీట్లో కూర్చున్నవాళ్లని అలల రోడ్డు మీద ఎలా ఉందో అడగండి, నెలకు ఇరవై రోజులు అక్కడ కూర్చునేది వాళ్లే.